వంటశాలలోనే గడిచిపోతున్న ఆదివారం
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: అయ్యగారూ, మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుబల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) తరవాత ప్రేమవిందు, అంటే అందరూ కలిసి చేసే భోజనం ఉంటుంది. సుమారు 200 మందికి వండేది మేం నలుగురమే. ఆ రోజు వాక్యం చెవిన పడదు. పైగా మమ్మల్ని మార్తలంటున్నారు. ఈ పని మానెయ్యమంటారా?
– ఒక సోదరి, పర్లాకిమిడి (ఒడిశా)

జవాబు: మానొద్దమ్మా. లూకా సువార్త 10:38-42 నిదానంగా చదవండి. యేసు ఇంటికి వచ్చినప్పుడు మార్త వడ్డన పనుల్లో మునిగిపోయింది, ఆమె సహోదరి మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వాక్యం వింది. వండినందుకు యేసు మార్తను తప్పుపట్టలేదు. 40వ వచనంలో మన బైబిల్ 'తొందరపడి' అన్నచోట గ్రీకు మాటకు అటూ ఇటూ లాగబడటం అని అర్థం. ప్రభువుకు కనబడింది ఆమె చేతుల్లోని పని కాదు, నాలుగు వైపులా పీకుతున్న మనసు. యోహాను సువార్త 12:2లో అదే బేతనియలో ఆమె మళ్లీ వడ్డిస్తూనే ఉంది. అక్కడ ఆమెకు ఏ మందలింపూ లేదు. మిమ్మల్ని ఎగతాళి చేసేవాళ్లు ఆ వచనం దాకా వెళ్లలేదు.

అయితే 'అవసరమైనది ఒక్కటే' అని యేసు మార్తతో అన్న మాట మాత్రం అలాగే నిలిచి ఉంది. ఆ ఒక్కటీ, అంటే వాక్యం వినటం, మీకు దక్కకపోవటం మీ భక్తిలో లోపం కాదు, సంఘం పని పంచుకోవటంలో లోపం. కాబట్టి పంపకం మార్చండి.

తలకి 125 గ్రాముల లెక్కన 25 కిలోల బియ్యం అవుతుంది. గుమ్మడి, చిక్కుడు శనివారం రాత్రే తరిగిపెట్టుకోవచ్చు. వంకాయ నల్లబడుతుంది, దాన్ని పొద్దున్నే తరగాలి. పప్పు, కూర ఆరాధనకు ముందే దించెయ్యండి. బియ్యం కడిగి సిద్ధంగా ఉంచి, ఆరాధన చివరి ఆశీర్వాదం అయ్యాకే రెండు గుండిగల్లో ఎసరు పెట్టండి. భోజనం గంట ఆలస్యమవుతుంది, కానివ్వండి. ఈలోగా పిల్లలకు తలో అరటిపండు ఇస్తే సరిపోతుంది.

పన్నెండు మంది పేర్లు రాసి మూడు జట్లు చెయ్యండి. మగవాళ్ల పేర్లు కూడా రాయండి. ఒక్కో జట్టుకు మూడు నెలలకోసారి వంతు వస్తుంది. ఈ ఏర్పాటు సాధారణంగా రెండో నెలలోనే చెడుతుంది. కొత్తవాళ్లు ఉప్పు తక్కువ వేస్తారు, పాతవాళ్లు ఉండబట్టలేక గరిటె అందుకుంటారు. మీరు అందుకోకండి. ఉప్పు విస్తట్లో వేసుకోవచ్చు.

ప్రశ్న: పెద్దలు తెలుగు పాటలే పాడాలంటారు. ఒడియా బడిలో చదివిన పిల్లలు ఒడియాలో కావాలంటారు. కమిటీ కూర్చుంటే ప్రార్థన పది నిమిషాలు, ఈ గొడవ రెండు గంటలు.
– ఒక యువకుడు, రాయగడ

జవాబు: యెరూషలేము సంఘంలో కూడా మొదటి సణుగుడు భాషల మధ్యే పుట్టింది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ వడ్డన సరిగా అందలేదు (అపొస్తలుల కార్యములు 6:1). అపొస్తలులు రెండు పనులు చేశారు. తాము ప్రార్థననూ వాక్యాన్నీ వదలలేదు, వడ్డనను ఏడుగురికి అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. గ్రీకు మాట్లాడేవాళ్ల ఫిర్యాదును తీర్చే బాధ్యత గ్రీకు పేర్లున్నవాళ్ల చేతికే ఇచ్చారు. మీ పాటల క్రమం కూడా ఆరు నెలలు ఒడియా చదివిన పిల్లల చేతికివ్వండి, తెలుగు పాటలు కూడా ఉండాలన్న ఒక్క షరతుతో. వాక్యభాగం రెండు భాషల్లో చదివించండి, మూడు నిమిషాల పని. ప్రసంగమంతా అనువదిస్తే అరగంట కాస్తా గంట అవుతుంది. దాని బదులు ముఖ్యాంశాలు మూడు ఒడియాలో బోర్డు మీద రాయిస్తే చాలు. కమిటీలో పాటల విషయం చివరికి పెట్టండి, పదిహేను నిమిషాలకు మించనివ్వకండి.

ప్రశ్న: ఏటా జనవరి 1న బైబిలంతా చదవాలని మొదలుపెడతాను. ఫిబ్రవరికి ఆగిపోతాను.
– ఒక పాఠకుడు, గుణుపూర్ (ఒడిశా)

జవాబు: బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదవాలి. ఆదికాండం 50, నిర్గమకాండం 40 అయ్యేసరికి జనవరి నెలాఖరు వస్తుంది, ఎదురుగా లేవీయకాండం బలుల విధులు. అక్కడ మూడు రోజులు తప్పితే కనీసం తొమ్మిది అధ్యాయాల బాకీ పడుతుంది. ఆ బాకీ సిగ్గుతోనే చాలామంది పుస్తకం మూసేస్తారు.

ముందు లూకా సువార్తతో మొదలుపెట్టండి. 24 అధ్యాయాలు, రోజుకొకటి. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు చదవొద్దు, ఆగినచోటి నుంచే సాగండి. ఫోను పక్కగదిలో పెట్టి, పైకి వినబడేలా చదవండి. తెలుగు అక్షరాలు కూడబలుక్కోవాల్సి వస్తే మొహమాటపడకుండా ఒడియా బైబిల్లోనే చదవండి.