నాలుగు నెలల చదువుకు వెళ్తున్న నీకు

చిట్టితల్లీ,

ఒక సెమిస్టరు విదేశంలో చదవడానికి నువ్వు ఎంపికయ్యావని మీ అమ్మ చెప్పగానే పొంగిపోయాను. ఫోను పెట్టేశాక మాత్రం గుబులు పట్టుకుంది. నువ్వు ఎలా ఉంటావోనని కాదు, అక్కడ ఉండీ లేనట్టే తిరిగి వచ్చేస్తావేమోనని.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను. వీసా, ఆరోగ్య బీమా, పాస్‌పోర్టు గడువు చూసుకో. అక్కడి క్రెడిట్లు ఇక్కడ కలుపుతామని రెండు యూనివర్సిటీల చేతా ముందే రాయించుకో, నోటిమాట నమ్మకు.

ఇక నా అసలు భయం. నేనూ ఒకప్పుడు నీలాగే విదేశంలో చదివాను కదా, అప్పట్లో నాతోపాటు వచ్చిన స్నేహితురాలు ఒకతె ఉండేది. నాకంటే తెలివైనది, చొరవ గలది. శుక్రవారం ఆఖరి క్లాసు అవగానే బ్యాగు సర్దుకుని రైలెక్కేసేది. వారానికో ఊరు. మిగతా రోజుల్లో వంటా కబుర్లూ అన్నీ మనవాళ్లతోనే. క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయి ఇంటికి రమ్మని పిలిస్తే "ఈ వారం కుదరదు" అంది. మళ్లీ పిలిచినా అదే మాట. ఆ తర్వాత ఆ అమ్మాయి పిలవడం మానేసింది. తిరుగు ప్రయాణం రోజున మా స్నేహితురాలికి వెళ్లొస్తానని చెప్పుకోవడానికి ఎవరూ లేకపోయారు. సామాను మధ్య కూలబడి, "ఇన్ని ఊళ్లు చూశాను, ఈ ఊళ్లో నేనున్నట్టే ఎవరికీ తెలీదు" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏమని ఓదార్చాలో నాకు తోచలేదు.

చాలా ఏళ్లకు, జర్మనీలో వెయ్యిమందికి పైగా విద్యార్థుల మీద జరిపి 2013లో అచ్చువేసిన పరిశోధన చదువుతుంటే ఆమే కళ్లముందు మెదిలింది. విదేశంలో చదివొచ్చిన వాళ్ల స్వభావంలో మార్పు కనిపించింది, ఆ మార్పు చాలావరకు అక్కడ కలుపుకున్న కొత్త స్నేహాల వల్లే వచ్చిందట. ఎన్ని దేశాల్లో ఉన్నారన్నది కాదు, పరాయి దేశంలో ఎంతకాలం ఉన్నారన్నదే తామెవరో స్పష్టంగా తెలిసిరావడానికి తోడ్పడుతుందని 2018లో ఇంకో పరిశోధన తేల్చింది. నీకున్నదే నాలుగు నెలలు. దాన్ని ముక్కలు చేసుకోకు తల్లీ.

నేను అద్దెకున్న ఇంటావిడ ఒక రాత్రి, చదువయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావని అడిగింది. "మా నాన్నగారు..." అని మొదలుపెట్టాను. ఆవిడ మెల్లగా, "మీ నాన్నగారి సంగతి సరే, నీకేం కావాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు. చాలా రాత్రుళ్లు నిద్రపట్టలేదు. నా అలవాట్లలో, నమ్మకాల్లో ఏవి నావో, ఏవి చుట్టూ అందరూ చేస్తున్నారని చేస్తున్నవో అప్పుడే వేరుచేసి చూసుకున్నాను. కొన్ని వదిలేశాను. కొన్నిటిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. మీ తాతయ్య మీద గౌరవం తగ్గలేదు, ఆయనతో కూర్చుని మాట్లాడే ధైర్యం వచ్చింది. అలా అడిగేవాళ్లు దొరకాలంటే ఒకచోట కుదురుగా ఉండాలి కదా!

తప్పు మాట్లాడితే నవ్వుతారని నీకు చిన్నప్పటి నుంచీ భయం. ఆ మొహమాటంతో గదిలో కూర్చున్నావంటే ఊరుకోను. ఎవరైనా పిలిస్తే వెళ్లు. మొదటి వారాల మురిపెం తీరాక అన్నీ చిరాకు పుట్టిస్తాయి. కొత్తచోటి పద్ధతులు అలవాటయ్యేదాకా పడే ఈ ఉక్కిరిబిక్కిరినే కల్చర్ షాక్ అంటారు. ఆ మాటకు ప్రచారం తెచ్చిన మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్ 1960లోనే ఈ దశలన్నీ రాశాడు. నీలో ఏదో లోపం ఉందనుకోకు బంగారం. ఫోనులో "బాగానే ఉన్నా" అని అబద్ధం ఆడకు. అమ్మతో చెప్పలేకపోతే నాకు ఫోను చెయ్యి, వేళ చూసుకోకు.

తిరిగొచ్చాక ఇల్లే కొత్తగా అనిపించవచ్చు. అదీ మామూలే. "నువ్వు మారిపోయావే" అని మీ అమ్మ కంగారుపడుతుంది. అమ్మ కోసం పాత చిట్టితల్లిలా నటించకు. దానికి నేను ఇప్పట్నుంచే నచ్చజెబుతూ ఉంటాను.

నీ పెద్దమ్మ