డేటాబేస్ టీమ్‌లో వేశారు, చేరనా మాననా?

ప్రశ్న: మేడమ్, నాది కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం. ఉద్యోగం వచ్చింది గానీ నన్ను డేటాబేస్ టీమ్‌లో వేశారు. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష), స్క్రిప్టింగ్, బ్యాకప్‌లు చూసుకోవడం, అదీ పని. నా ఫ్రెండ్స్ ఇద్దరికి ఏఐ టీమ్‌లో వచ్చింది. ఇది పాతబడిన పని అని, మిగిలింది కూడా ఏఐ చేసేస్తుందని అందరూ అంటున్నారు. పైగా అర్ధరాత్రి ఫోన్లు వస్తాయట, అది విని అమ్మ వద్దంటోంది. మీరు చాలా ఏళ్లు ఇదే పనిలో ఉన్నారు కదా. చేరమంటారా, ఇంకోటి వెతుక్కోమంటారా?

జవాబు: చేరమ్మా. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద నేను రాయబోయేదాంట్లో సగం ఈ పనిలో నేను పడ్డ అవస్థలే, అవి చదువుతూ మధ్యలో "మేడమ్ వద్దంటున్నట్టున్నారు" అనుకుంటావేమోనని.

పాత పని అన్నారు కదా, నిజమే, పాతదే. డేటాను టేబుల్స్‌గా పెట్టుకుని పని నడపొచ్చని ఐబీఎంలో ఉన్న ఎడ్గర్ కాడ్ 1970లో రాశాడు. అదే కంపెనీలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ కలిసి 1974కల్లా దానికో భాష తయారుచేశారు. మొదట సీక్వెల్ అని పేరు పెట్టారు, ఆ పేరు ఇంకో కంపెనీ ట్రేడ్‌మార్క్ అని తెలిసి ఎస్‌క్యూఎల్ చేశారు, అయినా సగం మందిమి ఇప్పటికీ సీక్వెల్ అనే పలుకుతాం. నేను ఉద్యోగంలో చేరినప్పుడు "ఇది రాకపోతే పనికిరావు" అని భయపెట్టి నేర్పించిన వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఇప్పుడు ఎవరైనా వాడుతున్నట్టు నేను వినలేదు, అదే నెలలో నేర్చుకున్న జాయిన్ (రెండు టేబుల్స్‌ను కలిపే పద్ధతి) మాత్రం నిన్న కూడా రాశాను.

ఎందుకు ఇన్నాళ్లు నిలిచిందంటే, ఆ భాషలో నీకేం కావాలో చెప్తావు, అంతే. ఎక్కడినుంచి తేవాలి, ముందు ఏ టేబుల్ తెరవాలి, ఇండెక్స్ (పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది) వాడాలా లేక మొత్తం చదువుకుంటూ పోవాలా, ఇదంతా లోపల ఉండే ప్లానర్ చూసుకుంటుంది. అందుకే కింద డిస్కులు మారాయి, మెమరీ పెరిగింది, ఒక మెషీన్ మీద ఉండేది వంద మెషీన్ల మీదకు పోయింది, పైన రాసే వాక్యం మాత్రం పెద్దగా మారలేదు. మధ్యలో ఎస్‌క్యూఎల్ అక్కర్లేదంటూ కొత్త రకాల డేటాబేస్‌లు చాలా వచ్చాయి, వాటిలో కొన్ని నిజంగా మంచివి, కానీ కొన్నాళ్లకు వాటిలో చాలావాటికి ఎస్‌క్యూఎల్ లాంటి భాషనే మళ్లీ తగిలించాల్సి వచ్చింది. నీ ఫ్రెండ్స్ ఇద్దరూ కూడా మోడల్ దగ్గర కూర్చునే ముందు డేటా తెచ్చుకోవాలి, డూప్లికేట్లు తీసేయాలి, నాలుగు టేబుల్స్ కలపాలి. ఆ పనికి వాళ్లు వచ్చేది నీ సీటు దగ్గరికే, చూస్తూ ఉండు.

ఇక ఏఐ చేసేస్తుంది అన్న మాట. క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, రాస్తుంది, బాగానే రాస్తుంది, నేనూ రాయించుకుంటాను. నీ అసలు పని అది రాశాక మొదలవుతుంది. ఒక ఉదాహరణ చెప్తాను, కొంచెం ఓపికగా చదువు. ఒక్క ఆర్డర్ కూడా పెట్టని కస్టమర్ల లిస్టు కావాలన్నారనుకో. ఎవరైనా రాసేది ఏమిటి, ఆర్డర్ల టేబుల్‌లో ఉన్న ఐడీలలో లేని కస్టమర్లను ఇవ్వమని నాట్ ఇన్ పెట్టి రాస్తారు. చూడ్డానికి తప్పేం లేదు, రన్ చేస్తే ఎర్రర్ రాదు, జవాబు మాత్రం సున్నా వరుసలు వస్తుంది. మీటింగ్‌లో అందరికీ సంతోషం, కస్టమర్లందరూ ఏదో ఒకటి కొన్నారని. నిజానికి జరిగింది ఏమిటంటే ఆర్డర్ల టేబుల్‌లో ఎక్కడో ఒక్క వరుసలో, లాగిన్ కాకుండా ఎవరో కొన్నప్పుడు, కస్టమర్ ఐడీ నల్‌గా ఉండిపోయింది. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ కూడా కాదు, "తెలియదు" అని అర్థం. ఫలానా కస్టమర్ ఆ తెలియని వరుసలో ఉన్నాడా అంటే డేటాబేస్ "ఏమో" అంటుంది, ఏమో అన్నప్పుడు "లేడు" అని ఖాయంగా చెప్పలేదు కాబట్టి ఎవర్నీ లిస్టులో వేయదు. ఆ ఒక్క వరుస వల్ల మొత్తం లిస్టు ఖాళీ. నాట్ ఎగ్జిస్ట్స్‌తో రాస్తే ఈ గొడవ ఉండదు. ఈ క్వెరీని ఏఐ రాసిందా మనిషి రాశాడా అన్నది పక్కన పెట్టు, సున్నా చూడగానే "ఇదెలా సాధ్యం" అని ఆగే మనిషి ఒకరు ఆ టీమ్‌లో ఉండాలి. నీకు జీతం దానికే ఇస్తారు.

(ఈ నల్ నా బుర్రలో ఎంత పాతుకుపోయిందంటే, మెసేజ్ పెడితే జవాబు రాకపోతే ఒకప్పుడు "కోపం వచ్చిందన్నమాట" అని రాత్రంతా టెన్షన్ పడేదాన్ని, ఇప్పుడు "తెలియదు" అనుకుని పడుకుంటున్నాను. నవ్వుకో, పర్లేదు.)

నువ్వు ఈ పనికి సరిపోతావా అని నన్ను అడిగితే నేను మార్కులు చూడను, సెండ్ బటన్ నొక్కే ముందు ఒక్కసారి ఆగి చదివే అలవాటు ఉందా అని చూస్తాను. నాకు మొదట్లో ఆ అలవాటు లేదు, ఒక దెబ్బతో వచ్చింది. ఉద్యోగంలో రెండో ఏడు. ప్రొడక్షన్‌లో, అంటే నిజమైన కస్టమర్లు వాడే సిస్టమ్‌లో, ఒకే ఒక్క అకౌంట్ స్టేటస్ మార్చాలి. అప్‌డేట్ రాసుకున్నాను, కింద లైనులో ఏ వరుస మార్చాలో చెప్పే వేర్ కండిషన్ కూడా చక్కగా రాసుకున్నాను. నేను వాడే టూల్‌లో మౌస్‌తో సెలెక్ట్ చేసిన భాగం మాత్రమే రన్ అవుతుంది. పై లైన్లు సెలెక్ట్ చేశాను, వేర్ ఉన్న లైను బయట ఉండిపోయింది, రన్ కొట్టాను. ఒక్క వరుస మారింది అని రావాల్సిన చోట 4 లక్షల వరుసలు అని వచ్చింది. ఆటో కమిట్ ఆన్‌లో ఉంది, మార్పు వెంటనే ఖాయమైపోతుంది, అంటే వెనక్కి తీసుకోవడం అనే మాటే లేదు. చేతులు చల్లబడిపోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. మా సీనియర్ ఒక్క మాట కూడా తిట్టలేదు, ముందు రాత్రి బ్యాకప్‌ను పక్కన వేరే సర్వర్‌లో తెరిచి, ఆ ఒక్క కాలమ్ వరకు తెచ్చి కలిపాడు, పొద్దుటి నుంచి మారిన వాటిని అప్లికేషన్ లాగ్‌ల నుంచి ఏరుకుంటూ కూర్చున్నాం, తెల్లారింది. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. ముందు అదే వేర్‌తో, ఏదీ మార్చకుండా వరుసలు చూపించి ఊరుకునే సెలెక్ట్ క్వెరీ నడిపి ఎన్ని వరుసలు వస్తున్నాయో కాగితం మీద రాసుకుంటాను, తర్వాత ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి అప్‌డేట్ చేస్తాను, సంఖ్య కలిస్తే కమిట్ (ఖాయం), కలవకపోతే రోల్‌బ్యాక్ (రద్దు). కాగితం ఎందుకు అంటారు జూనియర్లు. రాస్తుంటే చెయ్యి నెమ్మదిస్తుంది, అందుకు.

నేనొక్కదాన్నే కాదులే. 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సైట్ నడిపే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు అర్ధరాత్రి అలసటలో తాను రెండో సర్వర్ మీద ఉన్నాననుకుని అసలు సర్వర్ మీద డేటా ఫోల్డర్ తీసేశాడు. ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. వాళ్లకు ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయి, ఒక్కటీ అనుకున్నట్టు పనిచేయలేదు. అదృష్టం బాగుండి ఆరు గంటల ముందు ఎవరో వేరే పనికోసం చేత్తో తీసిన కాపీ ఒకటి ఉంది, దాంతో బయటపడ్డారు. జరిగింది జరిగినట్టు వాళ్లే రాసి ప్రపంచం ముందు పెట్టారు, చేరే ముందు అది చదువు, మీ సిలబస్‌లో బ్యాకప్ గురించి ఉన్న పాఠం కంటే బాగా ఎక్కుతుంది. చేరాక మొదటి నెలలోనే మీ టీమ్‌ను "చివరిసారి బ్యాకప్ నుంచి రీస్టోర్ చేసి చూసింది ఎప్పుడు" అని అడుగు. ఎవరూ సరిగ్గా చెప్పలేకపోతే ఆ పని నీకు ఇవ్వమని అడుగు. కొత్తవాళ్లకు పేరు తెచ్చే పని అది, ఎందుకంటే ఎవరూ చేయాలనుకోరు.

స్క్రిప్టింగ్ గురించి భయపడేదేం లేదు. రెండుసార్లు చేత్తో చేసిన పని మూడోసారి వస్తే దాన్ని ఫైల్లో రాసి పెట్టుకోవడం, అంతే. షెల్ (కమాండ్లు టైప్ చేసి పని చేయించే చోటు) ఎంత వస్తే అంత నేర్చుకో, మిగతాది పైథాన్‌లో చెయ్యి. పైథాన్ కూడా కొత్తదేం కాదు, 1991లో బయటికొచ్చింది. కాకపోతే స్క్రిప్ట్‌లో ఒక గుణం ఉంది, నువ్వు గంటలో చేసే తప్పును అది క్షణంలో, అన్ని ఫైళ్ల మీదా చేస్తుంది. అందుకని రెండు అలవాట్లు. రాసే ప్రతి స్క్రిప్ట్‌లో నిజంగా చేయకుండా ఏం చేయబోతోందో చూపించి ఊరుకునే ఏర్పాటు ఒకటి పెట్టు. రెండోది, పొరపాటున రెండుసార్లు నడిచినా నష్టం లేకుండా రాయి. లిఫ్ట్ బటన్ నువ్వొకసారి నొక్కావు, వెనకొచ్చినాయన మళ్లీ నొక్కాడు, లిఫ్ట్ రెండుసార్లు రాదు కదా, అలా. ఇదేమీ ఊహించి చెప్పడం లేదు. గడియారాన్ని ఏడాదికి రెండుసార్లు ముందుకీ వెనక్కీ జరిపే దేశాల్లో రాత్రి రెండున్నరకు దానంతటదే నడిచేలా పెట్టిన జాబ్ ఒక రోజు అసలు నడవకపోవచ్చు, ఇంకో రోజు రెండుసార్లు నడవొచ్చు. సర్వర్ సమయాన్ని యూటీసీలో (ఇలా ముందుకీ వెనక్కీ జరగని ప్రపంచ ప్రామాణిక సమయం) పెట్టమని పెద్దవాళ్లు చెప్పేది ఇలాంటివి చూసే.

నీకు ఇది నచ్చుతుందో లేదో నా మాట మీద తేల్చుకోకు. చేరేలోపు ఒక పరీక్ష పెట్టుకో. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ తీసుకో, 2000లో రిచర్డ్ హిప్ రాశాడు, పబ్లిక్ డొమైన్, ఎవరి అనుమతీ అక్కర్లేదు, నీ ఫోన్‌లో ఇప్పటికే ఉంది కూడా, చాలా యాప్‌లు తమ డేటా దాచుకునేది అందులోనే. దాంట్లో నీ రోజువారీ జీవితంలోది ఏదో ఒకటి పెట్టు. ఖర్చులు, నిద్ర, చదివిన పుస్తకాలు, ఏదైనా. మూడు నెలలు ఆపకుండా. నేను పుస్తకాలతో మొదలుపెట్టాను, ఒక్క టేబుల్ చాలనుకున్నాను, రెండో వారానికే ఇద్దరు రచయితలున్న పుస్తకం చేతికొచ్చింది. రచయిత కాలమ్‌లో కామా పెట్టి ఇద్దరి పేర్లూ కుక్కేశాను, తర్వాత "ఈయన పుస్తకాలు ఎన్ని చదివాను" అని అడిగితే తప్పు లెక్క వచ్చింది. పుస్తకాలకీ రచయితలకీ మధ్యలో ఇంకో టేబుల్ ఎందుకు పెట్టాలో పాఠంలో చదివి పరీక్ష రాసి పాసైన నాకు, నిజంగా అర్థమైంది ఆ రోజే.

నీకూ ఇలాంటివి తగులుతాయి. తేదీని ఒక రోజు ఒకలా ఇంకో రోజు ఇంకోలా రాస్తావు, నెలవారీ లెక్క తేలదు. డబ్బును దశాంశాల్లో పెడతావు, ఎప్పుడో ఒకసారి 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, అప్పుడు చిల్లరను పూర్ణాంకాల్లో దాచుకోవాలని తెలుస్తుంది. ఇదంతా ఎక్సెల్‌లో పెట్టుకోవచ్చు కదా అంటావేమో. చిన్న లెక్కకు అదే మంచిది, నేను కాదనను. కానీ అది నీకు సాయం చేస్తున్నాననుకుని నీ డేటాను మార్చేస్తుంది. మార్చ్1, సెప్ట్2 లాంటి జన్యువుల పేర్లను అది తేదీలనుకుని మార్చేస్తూ పోతే, విసిగిపోయిన శాస్త్రవేత్తలు 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు! డేటాబేస్‌లో కాలమ్ ఏ రకమో ముందే చెప్పి కూర్చోబెట్టడం చాదస్తంలా కనిపిస్తుంది గానీ, ఈ కథ విన్నాక అలా అనిపించదు. (ఎస్‌క్యూలైట్ మాత్రం ఈ విషయంలో కొంచెం చూసీచూడనట్టు ఉంటుంది, కావాలంటే స్ట్రిక్ట్ టేబుల్స్ అని ఉన్నాయి, అవి వాడు.)

తర్వాత ఒక స్క్రిప్ట్‌తో పది లక్షల దొంగ వరుసలు పుట్టించి అందులో వేసి, ఒక్కదాన్ని వెతుకు. ఇండెక్స్ లేకుండా ఒకసారి, ఇండెక్స్ పెట్టి ఒకసారి. ఊరికే సగం సగం చేసుకుంటూ వెతికినా పది లక్షల్లో ఒకటి దొరకడానికి 20 పోలికలు చాలు, డేటాబేస్‌లు వాడే బీ-ట్రీ రకం ఇండెక్స్ అయితే మూడు నాలుగు పేజీలు చదివితే సరిపోతుంది. ఎక్స్‌ప్లెయిన్ పెట్టి లోపల ఏం చేస్తోందో చూడు. ఆ తేడా కళ్లారా చూసినప్పుడు నీకు ఇంకోటి ప్రయత్నిద్దామనిపిస్తే నువ్వు ఈ పనికి పుట్టినదానివే. "సరే, వేగంగా వచ్చింది" అని ల్యాప్‌టాప్ మూసేస్తే, అదీ తప్పేం కాదు, ఏడాది చేసి వేరే టీమ్‌కు మారిపో. ఈ ఏడాది వృథా పోదు, ఏ టీమ్‌కు వెళ్లినా ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్లను వదులుకోరు.

అమ్మగారి భయం సంగతి. ఫోన్లు వస్తాయి, అబద్ధం చెప్పను. అయితే ఎన్ని వస్తాయన్నది టీమ్‌ను బట్టి ఉంటుంది. నేను చేసిన ఒక చోట నెలలో ఒకటి వస్తే ఎక్కువ, ఇంకో చోట వారంలో మూడు రాత్రులు అదే డిస్క్ నిండిపోయిందని అదే ఫోన్, పొద్దున లేచి దాన్ని శాశ్వతంగా సరిచేసే టైమ్ మాత్రం ఎవరికీ ఇవ్వరు. అక్కడ ఏడాదిలో మానేశాను. కాబట్టి హెచ్‌ఆర్‌ను కాదు, నీకు కాబోయే మేనేజర్‌ను అడుగు. ఆన్‌కాల్ (రాత్రి ఫోన్ వస్తే ఎత్తాల్సిన వంతు) ఎన్ని వారాలకొకసారి వస్తుంది, పోయిన నెల అర్ధరాత్రి ఎన్ని ఫోన్లు వచ్చాయి, రాత్రి పనిచేస్తే మర్నాడు ఆలస్యంగా రావచ్చా, కొత్తగా చేరినవాళ్లను ఎన్ని నెలలకు ఆన్‌కాల్‌లో వేస్తారు, నాకు తెలియనిది వస్తే లేపడానికి రెండో మనిషి ఉంటారా. ఇలా అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకు. మంచి టీమ్ అయితే అంకెలతో చెప్తుంది, "అలా ఏం ఉండదులేమ్మా" అని దాటేస్తే జాగ్రత్త పడు.

వాళ్లు ఏమన్నారో నాకు రాయి. నాకొచ్చే ప్రశ్నలన్నీ నేనూ ఒక చిన్న ఎస్‌క్యూలైట్ ఫైల్లోనే పెట్టుకుంటాను, నీది కూడా ఒక వరుసగా అందులో చేరింది, "ఏం నిర్ణయించుకుంది" అనే కాలమ్‌లో ప్రస్తుతానికి నల్ ఉంది.