అమెరికా సంస్కర్తలు సామ్రాజ్య విస్తరణను వ్యతిరేకించారా?

అందరూ వ్యతిరేకించలేదు, 1900 ప్రాంతంలో గుత్త సంస్థలను అదుపు చేయాలని, కార్మికులకు రక్షణ కల్పించాలని కోరిన అమెరికా అభ్యుదయవాదుల్లో చాలామంది, 1898 యుద్ధంలో స్పెయిన్ నుంచి దక్కిన ఫిలిప్పీన్స్, పోర్టోరికో దీవులను తమ దేశమే పాలించాలని కూడా వాదించారు. సమాజాన్ని చక్కదిద్దడానికి బలమైన ప్రభుత్వం, నిపుణుల పాలన కావాలన్న నమ్మకం ఈ రెండింటికీ మూలం. దానికి జాత్యహంకారం తోడై, స్వదేశంలో ప్రజలకు మరింత అధికారం దక్కాలన్న వారికే దీవుల ప్రజల సమ్మతి అక్కరలేదని అనిపించింది. ఇది చిన్న లోపమని కొట్టిపారేయదగినది కాదు.

ఇండియానా సెనేటర్ ఆల్బర్ట్ బెవరిడ్జ్ 1900 జనవరిలో, ఫిలిప్పీన్స్‌ను ఎన్నటికీ వదులుకోరాదని సెనేట్‌లో ప్రసంగించారు. మాంసం తనిఖీ చట్టం కోసం, బాలకార్మిక వ్యవస్థను అరికట్టే బిల్లు కోసం 1906లో పట్టుబట్టినదీ ఆయనే.

విస్తరణను కోరినవారు పెట్టుబడిదారులు, అడ్డుకున్నవారు సంస్కర్తలు అనుకోవడం పొరపాటు. 1898లో ఏర్పడిన సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘంలో సంఘసేవిక జేన్ ఆడమ్స్‌తో పాటు ఉక్కు పరిశ్రమాధిపతి ఆండ్రూ కార్నెగీ కూడా ఉన్నారు.