మాంద్యం వస్తే హైదరాబాద్‌లో ఇళ్ల ధరలు పడతాయా?

పడతాయి. పడిన సంగతి మీ దాకా రాదు, అంతే. ఐటీ ఉద్యోగాలు ఊగిసలాడుతున్నాయి కాబట్టి కొన్నాళ్లు ఆగితే ఫ్లాటు చవగ్గా దొరుకుతుందా అని మీరు అడిగారు. 2009ని దగ్గరుండి చూసినవాడిని కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను.

అప్పట్లో మా పెదనాన్నకు చందానగర్‌లో ఒక ఫ్లాటు ఉండేది. పాతిక లక్షలకు బేరం కుదిరింది, బయానా కూడా అందింది. జనవరి 7న, ఐటీ కంపెనీ సత్యం లెక్కలు తప్పుడివని దాని అధిపతి రామలింగరాజు ఒప్పుకున్న ఉత్తరం బయటపడింది. కొనాల్సిన అబ్బాయి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వచ్చి, తలెత్తకుండా బయానా వెనక్కి ఇమ్మన్నాడు. పెదనాన్న మారు మాట్లాడకుండా ఇచ్చేశారు.

"రెండు లక్షలు తగ్గిస్తే ఇంకెవరైనా వస్తారు పెదనాన్నా" అన్నాను.

"నాకు అప్పులేదు, తొందరలేదు. తాళం వేసుకుంటే పోయేదేముంది?" అన్నారు.

అదే అంతస్తులో ఎదురు ఫ్లాటాయన పరిస్థితి వేరు. ఆయనకు ఉద్యోగం అనుమానం, ప్రతి నెలా బ్యాంకు వాయిదా ఖాయం. వేసవి రాకముందే పందొమ్మిదికి ఇచ్చేశారు. ఆ మాట బయటికి పొక్కనివ్వద్దని కొన్నవాళ్ల చేత ఒట్టు వేయించుకున్నారట. వాచ్‌మన్ భార్య చెబితే మాకు తెలిసింది. రిజిస్ట్రేషన్ కాగితాల్లో వెతికినా ఏమీ దొరకదు. అందులో రాసేది ప్రభుత్వ విలువ, చేతులు మారేది ఇంకో అంకె. ఇంటి ధరల పట్టికలు చూసి వాదించేవాళ్లంటే నాకు ఒళ్లు మండేది ఇందుకే. ఆ పందొమ్మిది లక్షలు ఏ పట్టికలో ఎక్కింది?

మా పెదనాన్న లాంటివాళ్లే ఎక్కువ కాబట్టి బోర్డు మీద ధర కదలదు, అమ్మకాలు ఆగిపోతాయి. పైగా రిజర్వు బ్యాంకు ఊరుకోదు. బ్యాంకులకు తాను అప్పిచ్చే వడ్డీని, అంటే రెపో రేటును, 2008 అక్టోబరులో 9 శాతం ఉన్నదాన్ని 2009 ఏప్రిల్‌కల్లా 4.75కి దించింది. వాయిదా తేలికైతే అమ్మేవాడికి ఓపిక పెరుగుతుంది. ఆ ఏడాది డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటు మీద కేంద్రం చేసిన ప్రకటనతో నగరం భవిష్యత్తు మీద మొదలైన అనుమానం 2014 దాకా సాగింది. అన్నేళ్లూ పెదనాన్న చెప్పిన ధర పాతికే. పప్పూ ఉప్పూ మాత్రం ఏటా దాదాపు పది శాతం పెరిగాయి, అంటే ఆ పాతిక విలువ ఏటా కరిగింది. పరువు పోకుండా ధర తగ్గడమంటే ఇదే.

నిజంగా కూలడం చూడాలంటే అమరావతి చూడాలి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే తుళ్లూరు చుట్టుపక్కల ప్లాట్లు అడిగే నాథుడు లేకపోయాడు. అక్కడ కొన్నవాళ్లలో ఎక్కువమంది ఉండటానికి కొనలేదు, రాజధాని వస్తుందని కొన్నారు. చందానగర్‌లో రేపు ఎవరో ఒకరు అద్దెకైనా దిగుతారు. మీ కన్ను ఊరవతల శంకర్‌పల్లి దాటిన వెంచర్ల మీద ఉంటే నా జవాబు పూర్తిగా వేరు: ఆగండి.

బిల్డర్ల సంగతి మరీ విడ్డూరం. సూపర్ బిల్టప్ పేరుతో మెట్లకూ లిఫ్టుకూ మన దగ్గర డబ్బు గుంజుతారు, కారు నిలిపే చోటుకు మళ్లీ విడిగా లెక్క కడతారు. గిరాకీ పడిపోయినప్పుడు చదరపు అడుగు ధర తగ్గించరు; పార్కింగ్ ఉచితం అంటారు, వంటింటి అల్మారాలు మేమే చేయిస్తాం అంటారు, రిజిస్ట్రేషన్ ఖర్చు మాది అంటారు. ఆ కానుకలేవీ వద్దు, ఆ మొత్తాన్ని ధరలో తగ్గించి అగ్రిమెంటులో రాయమని అడగండి. చాలామంది రాయరు. రాస్తే నిరుడు ఎక్కువ పెట్టి కొన్నవాళ్లంతా ఆఫీసు ముందు నిలబడతారని వాళ్ల భయం. అందుకే కొత్తదాని వెంట పడకుండా, బ్యాంకు అప్పు ఇంకా తీరని పాత ఫ్లాటు ఎవరిదైనా అమ్మకానికి ఉందేమో వెతకండి. తగ్గిన ధర అక్కడ ఉంటుంది.