భీమిలి మీదుగా అరకు: ఒక్క రోజులో వద్దండీ

వైజాగ్ నుంచి భీమిలి, విజయనగరం, ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా అరకుకు సైకిల్ మీద ఒకే రోజులో బయలుదేరితే అనంతగిరి ఘాట్‌లో కాళ్లు పట్టేశాయని రాశారు. లోపం మీ కాళ్లది కాదండీ, ప్లాన్‌ది. ఎండంతా సముద్రం ఒడ్డునే భరించి, అలిసిపోయాక 900 మీటర్ల ఎత్తుకు ఎక్కడం ఎవరికైనా కష్టమే.

రెండు రోజులు చేయండి. మొదటి రోజు తెల్లవారుజామునే బీచ్ రోడ్డు ఎక్కి తొట్లకొండ బౌద్ధ క్షేత్రం, ఎర్రమట్టి దిబ్బలు చూసుకుంటూ భీమిలి చేరండి. అక్కడి డచ్చి సమాధులు తప్పక చూడాలి. గోస్తని సముద్రంలో కలిసే చోట కాసేపు నిలబడండి. మర్నాడు మీరు ఎక్కేది ఆ నది పుట్టిన కొండలే, బొర్రా గుహల్లోంచి పారేదీ ఆ నీళ్లే. నాకు ఈ దారి మీద అంత ప్రేమ అందుకే. తర్వాత విజయనగరం కోట చూసి, ఎస్.కోటలో పడుకోండి. గది ముందే మాట్లాడుకోండి.

ఇక గేర్లు. ముందు చక్రానికి 34 పళ్లు, వెనక పెద్ద చక్రానికి 28 పళ్లు ఉన్న గేరుతో (చక్రమంటే గొలుసు తిరిగే పళ్ల చక్రం) ఎక్కుతున్నానన్నారు. వెనక పెద్ద చక్రానికి 34 పళ్లుండే క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల సెట్టు) వేయించండి, మీ డెరైలర్ (గొలుసును గేరు నుంచి గేరుకు మార్చే భాగం) తీసుకుంటుందో లేదో మెకానిక్‌ను అడిగి. వెనక పళ్లు పెరిగితే తొక్కడం తేలికవుతుంది. తేడా మొదటి మలుపులోనే మోకాళ్లకు తెలుస్తుంది. దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచకండి, రిమ్ బాగా వేడెక్కిపోతుంది. మలుపుకు ముందే గట్టిగా పట్టి వదలండి. చలికాలం పొద్దున్నే మంచు కమ్ముకుంటుంది కాబట్టి ముందూ వెనకా లైట్లు వెలగాల్సిందే. శని, ఆదివారాలు టూరిస్టు కార్ల రద్దీ, మామూలు రోజుల్లో వెళ్లండి.