వైట్ ఎలిఫెంటా, సీక్రెట్ శాంటానా? ముందు అది అడగండి

ప్రశ్న: అమెరికా వచ్చాక మాకిది మొదటి డిసెంబరు. మా పాప రెండో తరగతి. క్లాసులో 'బుక్ ఎక్స్‌ఛేంజ్' ఉంది, ఒక పుస్తకం చుట్టి పంపమని టీచరు మెయిల్ పెట్టారు. పక్కింటివాళ్ళు పార్టీకి పిలిచి 'వైట్ ఎలిఫెంట్, 20 డాలర్ల లోపు' అన్నారు. సెలవుల్లో మన తెలుగు కుటుంబాలన్నీ కలుస్తున్నాం, పిల్లలకి గిఫ్టుల ఆట ఏదైనా పెట్టమని ఆ పని నాకు అప్పజెప్పారు. ఏం కొనాలో, ఎలా ఆడించాలో చెప్పగలరా?

జవాబు: మీరు చెప్పినవి మూడూ మూడు రకాల ఆటలు. ఏ ఆటో కనుక్కోకుండా షాపుకి వెళ్తే డబ్బూ పోతుంది, టెన్షనూ మిగులుతుంది. సీక్రెట్ శాంటాలో చిట్టీ తీస్తారు, అందులో పేరున్న మనిషి కోసం కొంటారు. వైట్ ఎలిఫెంట్‌లో మీరు తెచ్చింది ఎవరింటికి చేరుతుందో మీకే తెలియదు. అందుకని సైజు చూసుకోవాల్సినవి, ఆడవాళ్ళకో మగవాళ్ళకో మాత్రమే పనికొచ్చేవి వద్దు. దుప్పటి, బోర్డ్ గేమ్, మంచి టార్చిలైటు, కాఫీ షాపు గిఫ్ట్ కార్డు లాంటివి ఎవరికైనా నప్పుతాయి. దేవుడి బొమ్మలు మాత్రం తీసుకెళ్ళకండి. పదిమంది చేతులు మారుతూ, నవ్వుల మధ్య తిరిగే ఆట అది. తర్వాత మీకే బాధనిపిస్తుంది.

ఈ ఆటనే అమెరికా ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్ వైపు 'యాంకీ స్వాప్' అంటారు, దక్షిణాది రాష్ట్రాల్లో 'డర్టీ శాంటా' అన్నా దాదాపు ఇదే. తెచ్చిన పొట్లాలన్నీ పేర్లు రాయకుండా మధ్యలో పెడతారు. అందరూ నంబర్లు తీస్తారు. ఒకటో నంబరువాళ్ళు ఒక పొట్లం విప్పి అందరికీ చూపిస్తారు. రెండో నంబరు నుంచి ప్రతివాళ్ళూ కొత్త పొట్లమైనా విప్పొచ్చు, ఇంతకుముందు విప్పినదాన్ని ఒకరి చేతిలోంచి లాక్కోనైనా లాక్కోవచ్చు. పోగొట్టుకున్నవాళ్ళు మరొకరిది లాక్కుంటారు, లేదా కొత్తది విప్పుతారు. తమ చేతిలోంచి పోయినదాన్ని వెంటనే తిరిగి లాక్కోకూడదు. ఒకే వస్తువు మూడుసార్లు చేతులు మారితే ఇక దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని చాలా ఇళ్ళలో నియమం. చివర్లో ఒకటో నంబరువాళ్ళకి మార్చుకునే అవకాశం ఇస్తారు, పాపం మొదట్లో వాళ్ళకి లాక్కోవడానికి ఏమీ ఉండదు కదా. ఈ చివరి రెండు నియమాలూ ఇంటింటికీ మారతాయి, మొదలుపెట్టేముందు అడిగేయండి.

మనవాళ్ళు తడబడేది లాక్కోవడం దగ్గరే. ఒకరి చేతిలోది తీసుకోవడం తప్పని పెరిగాం. ఆ మొహమాటంతో ప్రతివాళ్ళూ కొత్త పొట్లమే విప్పుకుంటూ పోతే ఆట పావుగంటలో చప్పబడిపోతుంది. నచ్చినది కనబడితే నిస్సంకోచంగా లాక్కోండి, వాళ్ళు దాన్ని తప్పుగా తీసుకోరు. మీ చేతిలోది ఎవరైనా తీసుకుంటే నవ్వుతూ ఇచ్చేయండి.

ఇంకో రెండు మాటలు పిలిచినవాళ్ళనే అడగాలి. పనికొచ్చే గిఫ్టా, నవ్వించే గిఫ్టా? కొందరు ఇంట్లో మూలపడ్డ వింత వస్తువునే తెమ్మంటారు. అక్కడికి కొత్త దుప్పటి తీసుకెళ్తే మీరొక్కరే సీరియస్‌గా కనిపిస్తారు. రెండోది, పిల్లలు కూడా ఆడతారా అని. ఆడతారంటే వైను సీసాలు, స్క్రాచ్ లాటరీ టికెట్లు వద్దు.

20 డాలర్లన్నారంటే 20 లోపే. వాళ్ళు మనకింత పెట్టారు, మనం ఓ పిసరు ఎక్కువ పెట్టాలి అనే పెళ్ళి చదివింపుల లెక్క ఇక్కడ తీయకండి. 50 డాలర్లది తెస్తే మిగతావాళ్ళు తాము తెచ్చినవి చూసుకుని ఇబ్బంది పడతారు. మరీ 5 డాలర్లదీ బాగుండదు. ధర చీటీ తీసేసి, ధర కనబడని గిఫ్ట్ రిసీట్ లోపల పెట్టండి, కావాలంటే మార్చుకుంటారు.

ఇక మీకు అప్పజెప్పిన పని. చిన్నపిల్లలకి వైట్ ఎలిఫెంట్ పెట్టకండి. చేతికొచ్చిన బొమ్మని ఇంకొకరు లాక్కుపోతే ఆరేళ్ళ పిల్లకి అది ఆటగా అనిపించదు, ఏడుపే. వాళ్ళకి కుడి-ఎడమ ఆట బాగుంటుంది. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి తలో పొట్లం ఇవ్వండి. ఒకరు కథ చదువుతారు. కథలో 'కుడి' అని వినబడితే పొట్లం కుడిపక్కవాళ్ళకి, 'ఎడమ' అంటే ఎడమపక్కవాళ్ళకి. కథ ముగిసేసరికి చేతిలో ఉన్నది వాళ్ళదే. అమెరికాలో 'రైట్' అనే ఇంటిపేరుగల కుటుంబం మీద రాసిన కథలు ఈ ఆటకి బాగా వాడతారు. మీరు తెలుగులో రాసుకోండి, ఒక పేజీ చాలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మో తాతయ్యో ఉంటే చదివే పని వాళ్ళకివ్వండి. ఇక్కడ పుట్టిన పిల్లలకి కుడేదో ఎడమేదో ఆ సాయంత్రం తేలిపోతుంది. ఒక్క జాగ్రత్త: పొట్లాలన్నీ ఇంచుమించు ఒకే రకంగా ఉండాలి, లేకపోతే పెద్ద పెట్టె వెంటే అందరి కళ్ళూ తిరుగుతాయి.

కొంచెం పెద్దపిల్లలకి ప్లాస్టిక్ చుట్ట ఆట పెట్టొచ్చు. వంటింట్లో వాడే ప్లాస్టిక్ రాప్‌తో చాక్లెట్లు, స్టిక్కర్లు, చిల్లర నాణేలు పొరలు పొరలుగా చుట్టి పెద్ద బంతి చేయాలి. ఒకరు విప్పుతూ ఉంటే పక్కవాళ్ళు రెండు పాచికలు వేస్తూ ఉంటారు. రెండిటిమీదా ఒకే అంకె పడగానే బంతి చేతులు మారుతుంది. ఊడిపడినవి విప్పినవాళ్ళవే. మరీ త్వరగా విప్పేస్తుంటే చేతులకి ఓవెన్ గ్లవ్స్ తొడగండి, ఇల్లు దద్దరిల్లుతుంది.

పెద్దవాళ్ళు సీక్రెట్ శాంటా కావాలంటే గిన్నెలో చిట్టీలు కలిపి తీయించకండి. నలుగురున్నా నలభైమంది ఉన్నా సరే, ఎవరి పేరు వాళ్ళకే రాకుండా సజావుగా పూర్తయ్యే అవకాశం సుమారు 37 శాతమే. మళ్ళీ మళ్ళీ కలపాల్సి వస్తుంది. అందరి పేర్లూ కలిపి ఒక వరస రాసుకుని, ప్రతివాళ్ళూ తమ తర్వాత పేరున్నవాళ్ళకి కొనాలి, చివరివాళ్ళు మొదటివాళ్ళకి అని పెట్టేస్తే తంటా ఉండదు. కాకపోతే వరస రాసినవాళ్ళకి గుట్టు తెలిసిపోతుంది. అది వద్దనుకుంటే ఎల్ఫ్‌స్టర్ లాంటి వెబ్‌సైట్లు ఆ పని చేసిపెడతాయి, భార్యాభర్తలకి ఒకరి పేరు ఒకరికి రాకుండా కూడా చూస్తాయి.

క్లాసు సంగతి తేలిక. పుస్తకం ఏ పిల్ల చేతికి వెళ్తుందో తెలియదు కాబట్టి ఆ వయసుకి తగ్గ బొమ్మల పుస్తకమో, జంతువుల గురించినదో చాలు. పండగ కథలు, దేవుళ్ళ కథలు వద్దు. యూదుల పండగ హనుక్కా చేసుకునేవాళ్ళు, ఏ పండగా చేసుకోనివాళ్ళు కూడా ఆ క్లాసులో ఉండొచ్చు. ప్రభుత్వ బడుల్లో దాన్ని ఎక్కువగా 'వింటర్ పార్టీ' అనే అంటారు. మీకు కుదిరితే ఇంకో పుస్తకం అదనంగా చుట్టి టీచరుకివ్వండి, తేలేని పిల్లలు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు.

గిఫ్టుతో పాటు నువ్వుండలు, సున్నుండలు పంపాలనిపిస్తుంది. పంపకండి. చాలా బడులు ఇంట్లో చేసినవి క్లాసులోకి రానివ్వవు. అలర్జీల భయం నిజమైనది. ప్యాకెట్ మీద తప్పనిసరిగా రాయాల్సిన అలర్జీ పదార్థాల్లో 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా చేరాయి. ఏదైనా పంపాలంటే టీచరుని అడిగి, లేబుల్ ఉన్న ప్యాకెట్టే పంపండి. ఫిబ్రవరిలో వాలెంటైన్స్ డే వస్తుంది, దానికి ఇప్పుడే చెప్తున్నా: కార్డులిస్తే క్లాసులో అందరికీ ఇవ్వాలి, నచ్చిన నలుగురికే కాదు. పేర్ల జాబితా టీచరే పంపుతారు.

మీరు అడగలేదు కానీ టీచరుకి గిఫ్టు సంగతి కూడా. రాష్ట్రాన్ని బట్టి, జిల్లాని బట్టి నియమాలుంటాయి. మసాచుసెట్స్ ప్రభుత్వ బడుల్లోనైతే ఒక కుటుంబం నుంచి 50 డాలర్లు, ఆపైన విలువైనది టీచరు తీసుకోకూడదు. క్లాసంతా కలిసి ఇస్తే ఏడాదికి 150 వరకూ ఇవ్వొచ్చు, ఎవరు ఎంత వేశారో టీచరుకి చెప్పకూడదు. మీ రూమ్ పేరెంట్, అంటే క్లాసు పనుల్లో టీచరుకి సాయపడే తల్లో తండ్రో, చందా మెయిల్ పెడితే తోచినంత వేసి, పాపచేత ఒక కార్డు రాయించి పంపండి.