నానో పరికరాల్లో నాయిస్ మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేయొచ్చా? నాయిస్ అంటే వడకట్టి పారేసేదే కదా?

ప్రశ్న: తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నానో పరికరాల్లో యాదృచ్ఛిక ఒడిదుడుకుల సిద్ధాంతం మీద ప్రాజెక్టు చేయమంటున్నారు మా గైడ్. నాయిస్‌ను (సిగ్నల్‌లో కలిసే ఆ ఒడిదుడుకులను) తగ్గించుకోవడం తెలుసుగానీ, దాని మీద సిద్ధాంతం ఏముంటుంది? ఎవరైనా ఇందులో పనిచేసినవాళ్లు చెప్పగలరా?

జవాబు:

చేయండి. నేను కూడా ఈ ఊళ్లోనే ఎమ్మెస్సీ చేసి, ఆ తర్వాత ఆరేళ్లు ఈ ఒడిదుడుకుల మీదే పీహెచ్‌డీ చేశాను. మీ సందేహమే నాకూ ఉండేది. దానివల్ల మూడు వారాల డేటా పోగొట్టుకున్నాను. ముందు అది చెప్తాను, ఎందుకంటే సిద్ధాంతం ఎందుకు కావాలో నాకు అర్థమైంది అక్కడే.

పీహెచ్‌డీ మొదటి ఏడాది. చాలా చిన్న సిలికాన్ ట్రాన్సిస్టరు గుండా పోయే కరెంటు కొలుస్తున్నాను. అది నిలకడగా ఉండేది కాదు. కాసేపు ఒక విలువ దగ్గర నిలిచి, ఉన్నట్టుండి కొద్దిగా దిగి, మళ్లీ పాత చోటికే ఎక్కేది. లూజ్ కాంటాక్ట్ అనుకున్నాను. టంకం మళ్లీ వేశాను, వైర్లు మార్చాను, ఎర్తింగ్ సరిచూశాను. పక్క గదుల్లో ఏసీలు, లిఫ్టు ఆగిపోయే వేళని రాత్రి రెండు గంటలకు వచ్చి కొలిచాను. ఏం చేసినా ఆ దూకడం పోలేదు. చివరికి ఒక్కో పాయింటు దగ్గర వెయ్యి రీడింగులు తీసి, సగటు మాత్రం దాచి, నున్నటి గీత గీసుకుని గ్రూప్ మీటింగుకు వెళ్లాను. మదనపల్లె నుంచి వచ్చిన సీనియర్ అక్క ఒకామె ఆ గీత చూసి, "సగటు తీయకముందు డేటా యాడుంది? పారేసినావా?" అని అడిగింది. పారేశాను.

మళ్లీ కొలిచి, విడి రీడింగులకు హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చూపే పటం) గీస్తే రెండు దిబ్బలు వచ్చాయి, మధ్యలో దాదాపు ఖాళీ. ట్రాన్సిస్టరులో కరెంటు దారిని ఆనుకుని ఉండే ఆక్సైడ్ అనే ఇన్సులేటర్ పొరలో ఒక చిన్న లోపం ఉంది. దాన్ని ట్రాప్ అంటాం. ఒక ఎలక్ట్రాన్ అందులోకి వెళ్లి చిక్కుకుంటే, దాని ఛార్జి పక్కనున్న దారిలో మిగతావాటిని కాస్త అడ్డుకుంటుంది, కరెంటు దిగుతుంది. అది బయటపడగానే కరెంటు ఎక్కుతుంది. నా మీటరు మీద నేను మూడు వారాలు తిట్టుకుంటూ చూసింది ఒకే ఒక్క ఎలక్ట్రాన్ రాకపోకలు. దీన్ని రాండమ్ టెలిగ్రాఫ్ నాయిస్ అంటారు. 1984లో బెల్ ల్యాబ్స్‌లో రాల్స్, ఆయన సహచరులు అతి చిన్న ట్రాన్సిస్టర్లలో దీన్ని చూపించారు. పైన సగటున ఎంతసేపు ఉంది, కింద సగటున ఎంతసేపు ఉంది అని రెండు కాలాలు కొలిచి, వాటి నిష్పత్తికి లాగరిథమ్ తీస్తే, ఆ ట్రాప్ శక్తి స్థాయి ఫెర్మీ స్థాయికి (ఎలక్ట్రాన్లు ఏ శక్తి దాకా నిండి ఉంటాయో ఆ హద్దుకు) ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఇదంతా నేను సగటు తీసి తుడిచేశాను.

ఇక మీ అసలు ప్రశ్న, సిద్ధాంతం ఏముంటుందని.

మా నాన్న ఆర్టీసీలో కండక్టరు, చాలా ఏళ్లు కొండ బస్సుల్లో చేశాడు. "రోజుకు ఎంతమంది అంటే డిపోలో ఎవురైనా చెప్తారు, ఎట్లెట్ల వస్తారో చెప్పేదే కష్టం" అనేవాడు. ఛార్జి విడివిడి ముక్కలుగా రావడం వల్ల పుట్టే షాట్ నాయిస్ నాకు పుస్తకంలో కంటే ఈ మాటతోనే బాగా పట్టుబడింది. అలిపిరి దగ్గర నిలబడి గంటగంటకూ వచ్చే జనాన్ని లెక్కపెడుతున్నారనుకోండి. లెక్క కోసం సగటున గంటకు 1200 మంది అని పెట్టుకుందాం. ఎవరికి వాళ్లు విడివిడిగా, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వస్తుంటే, మీ అంకె 1200కు అటూ ఇటూ దాని వర్గమూలమంత, అంటే దాదాపు 35, ఊగుతుంది. అదే జనం నలభై మంది పట్టే బస్సుల్లో దిగుతుంటే? గంటకు సగటున 30 బస్సులు. 30కి వర్గమూలం ఐదున్నర, ఒక్కో బస్సుకు నలభై మంది, కాబట్టి ఊగిసలాట దాదాపు 220. సగటు రెండు చోట్లా 1200 మాత్రమే. మీరు ఒక్క బస్సును కూడా కళ్లారా చూడకుండా, అంకెల వేరియన్స్‌ను (ఊగిసలాట వర్గాన్ని) సగటుతో భాగిస్తే చాలు, మొదటిచోట 1 వస్తుంది, రెండోచోట 40 వస్తుంది. జనం ఎన్నెన్ని మూటలుగా వస్తున్నారో ఊగిసలాటే చెప్పేసింది.

షాట్కీ 1918లో వాక్యూమ్ ట్యూబుల కరెంటుకు చేసింది ఈ లెక్కే. కరెంటు నాయిస్ శక్తి (ఒక్కో హెర్ట్జ్‌కు) = 2 × మోసే ఛార్జి × సగటు కరెంటు. సగటు కరెంటు ఆంపియర్లలో ఎంత పోతోందో చెబుతుంది, అది ఎంతెంత ముక్కలుగా పోతోందో నాయిస్ చెబుతుంది. ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఆరేళ్లు ఇందులో ఉండిపోయానంటే అతిశయోక్తి కాదు. ఎందుకంటే ఆ ముక్క ప్రతిసారీ ఎలక్ట్రాన్ ఛార్జి అంతే ఉండదు. బలమైన అయస్కాంత క్షేత్రంలో, పరమ శూన్యానికి దగ్గరి చలిలో, ఒక పలుచటి పొరలో కదిలే ఎలక్ట్రాన్లు కలిసికట్టుగా ప్రవర్తించి, ఎలక్ట్రాన్ ఛార్జిలో మూడో వంతు మోసే కదలికలను పుట్టించగలవని లాఫ్లిన్ 1983లో చెప్పారు. కండక్టెన్స్ (కరెంటు ఎంత సులువుగా పారుతుందో) కొలిస్తే అది నేరుగా తేలదు. 1997లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక బృందం, ఫ్రాన్స్‌లోని సాక్లేలో మరో బృందం నాయిస్ కొలిచి ఆ మూడో వంతును పట్టుకున్నాయి. 2000లో గ్రెనోబుల్‌లో సూపర్ కండక్టరును మామూలు లోహంతో కలిపిన చోట నాయిస్ రెండింతలైంది. అక్కడ ఎలక్ట్రాన్లు జంటలుగా దాటుతున్నాయి.

మూటల సైజే కాదు, క్రమం కూడా నాయిస్‌లో కనబడుతుంది. టైమ్ స్లాట్ టోకెన్లు ఇచ్చి పంపితే జనం సమంగా వస్తారు, అంకె పెద్దగా ఊగదు. ఎలక్ట్రాన్లకు ఆ టోకెన్లు పౌలీ సూత్రం (ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండలేవన్న నియమం) ఇస్తుంది. క్వాంటమ్ పాయింట్ కాంటాక్ట్ అనే ఇరుకు సందులో ఎలక్ట్రాన్ దాటే సంభావ్యత టీ అయితే, షాట్ నాయిస్ టీ ఇంటూ ఒకటి మైనస్ టీకి అనుపాతంలో ఉంటుందని లెసోవిక్ 1989లో లెక్కగట్టారు. తలుపు పూర్తిగా తెరిచి ఉంటే షాట్ నాయిస్ సున్నా. సగం తెరిచినప్పుడు అత్యధికం. లోపాలతో నిండిన సన్నటి తీగలో ఈ లెక్కను అన్ని దారుల మీదా కూడితే మామూలు షాట్ నాయిస్‌లో సరిగ్గా మూడో వంతు మిగులుతుంది. బీనకర్, బ్యూటికర్ 1992లో తేల్చారు. ఈ మూడో వంతుకూ లాఫ్లిన్ మూడో వంతుకూ ఏ సంబంధమూ లేదు. వైవాలో ఈ తేడా అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

థర్మల్ నాయిస్ (వేడి వల్ల పుట్టే నాయిస్) గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అది ప్రతి పుస్తకంలో ఉంటుంది. జాన్సన్ కొలిచారు, నైక్విస్ట్ 1928లో వివరించారు. కరెంటు పారకపోయినా, వెచ్చగా ఉన్న ఏ నిరోధకం కొసల మధ్యనైనా ఓల్టేజి ఊగుతూనే ఉంటుంది. నానో పరికరానికి అది ఎంత పెద్ద విషయమో ఒక్క లెక్క చేసి చూడండి: గది ఉష్ణోగ్రతలో ఒక ఫెమ్టోఫారడ్ కెపాసిటర్ మీద ఓల్టేజి 2 మిల్లీవోల్టులు ఊగుతుంది. అందులో వెయ్యో వంతు, ఒక ఆటోఫారడ్ అయితే 64 మిల్లీవోల్టులు. అంత చిన్నదాని మీద పనిచేసే స్విచ్చుకు అదొక తుఫాను.

"నానో" అన్న మాట ఎందుకో కూడా ఇక్కడే ఉంది. ఒక నానోఆంపియర్ అంటే సెకనుకు 624 కోట్ల ఎలక్ట్రాన్లు. సెకను పాటు లెక్కపెడితే ఊగిసలాట లక్షలో ఒక వంతు, ఎవరికీ పట్టదు. అందులో వెయ్యో వంతైన పికోఆంపియర్‌ను మైక్రోసెకను (సెకనులో పది లక్షల వంతు) పాటు చూడండి: సగటున ఆరు ఎలక్ట్రాన్లు, ఊగిసలాట రెండున్నర. అక్కడ సగటు అన్న మాటకే అర్థం పలచబడుతుంది.

మీరు తిరుపతిలోనే ఉన్నారు కాబట్టి ఇంకో మాట. చిత్తూరు దారిలో గాదంకి దగ్గర 53 మెగాహెర్ట్జ్ ఎమ్మెస్టీ రాడార్ (వాతావరణ పొరల్లో గాలులను కొలిచేది) ఉంది, 1024 యాంటెన్నాలతో. మేఘం లేని ఆకాశం నుంచి దానికి ప్రతిధ్వని ఎలా వస్తుంది? గాలిలో సుడుల వల్ల వక్రీభవన గుణకం చోటుచోటికీ కొద్దిగా మారుతుంటుంది, ఆ తేడాల నుంచే తరంగాలు చెదిరి వెనక్కి వస్తాయి. గాలి అంతటా సమంగా ఉంటే ఆ రాడార్ గాలుల వేగం చెప్పలేదు. మన పక్కనే ఒక పెద్ద పరిశోధనాలయం ఒడిదుడుకులను చదివే బతుకుతోంది. నేను ఎమ్మెస్సీలో ఉండగా ఆ దారినే బస్సులో ఎన్నిసార్లు పోయానో, ఈ సంగతి తెలియకుండానే.

గణితం భయపెట్టదు. పాయిసన్ ప్రక్రియ (విడివిడిగా వచ్చే జనం లెక్క), ఆటోకోరిలేషన్ (సిగ్నల్ ఇప్పటి విలువకూ కాసేపటి తర్వాతి విలువకూ ఉన్న పోలిక), దాన్నుంచి స్పెక్ట్రమ్‌కు (ఏ పౌనఃపున్యంలో నాయిస్ ఎంతో చూపేదానికి) వెళ్లే వీనర్-ఖిన్చిన్ సిద్ధాంతం, రెండు స్థితుల మాస్టర్ సమీకరణం (ఏ స్థితిలో ఉండే సంభావ్యత కాలంతో ఎలా మారుతుందో చెప్పేది). ఇవి నెల రోజుల్లో వస్తాయి. ఒక్కచోట జాగ్రత్త: స్పెక్ట్రమ్‌ను ధన పౌనఃపున్యాలకే రాస్తున్నారా, రుణానికీ కలిపి రాస్తున్నారా అన్నది ప్రతి పేపర్లో ముందు చూసుకోండి. ఒకచోట 4 ఉన్నది ఇంకోచోట 2 అవుతుంది, రెండూ సరైనవే.

ప్రాజెక్టు మొదలుపెట్టడానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో పైథాన్‌తో ఒకే ట్రాప్ ఉన్న టెలిగ్రాఫ్ సిగ్నల్ తయారుచేయండి. హిస్టోగ్రామ్‌లో రెండు దిబ్బలు, స్పెక్ట్రమ్‌లో లోరెంట్జ్ వంపు (మొదట సమంగా ఉండి, ఒకచోట తిరిగి కిందికి దిగేది) రావాలి. ఆ వంపు ఎక్కడ తిరుగుతుందో మాస్టర్ సమీకరణంతో చేత్తో లెక్కగట్టి సరిపోల్చండి. తర్వాత పది ట్రాపులు, ఆ తర్వాత వెయ్యి. వాటి కాలాలను లాగరిథమ్ స్కేలు మీద సమంగా పరచండి. మెక్‌వోర్టర్ 1957లో చెప్పినట్టు, వంపులన్నీ కలిసి పౌనఃపున్యానికి విలోమంగా తగ్గే ఒకే గీతగా మారతాయి. ఆ రెండు దిబ్బలు ఎన్ని ట్రాపుల దగ్గర ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయో చూసి, ఇక్కడే వ్యాఖ్యలో రాయండి.